ఈపీఎఫ్ రాయితీ వస్తే మిల్లు లాభం మీద పన్ను ఎందుకు పెరుగుతుంది?

విత్తన మోతాదు, చీనీలో బంక తెగులు, అరటికి డ్రిప్ ద్వారా ఎరువులు ఇచ్చే పద్ధతి గురించి రాసే నేను ఈసారి పన్ను లెక్కల గురించి రాస్తున్నాను. దానికి కారణం ఉంది.

కొన్నేళ్ల కిందట నాకు బాగా తెలిసిన ఒక నూనె మిల్లు భాగస్వామి ఆదాయపు పన్ను నోటీసు పట్టుకుని వేంపల్లెలో నా దగ్గరికి వచ్చారు. "సార్, ప్రభుత్వం రాయితీ ఇచ్చిందని సంతోషపడి పది మందిని పనిలో పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ రాయితీ వల్లే పన్ను కట్టమంటున్నారు. ఇదేం న్యాయం?" అన్నారు. నేను ఆడిటర్‌ను కాదు. వ్యవసాయ పట్టభద్రుణ్ణి. అయినా ఆయన కాగితాలు ముందేసుకుని రెండు సాయంత్రాలు కూర్చున్నాక అర్థమైంది, నోటీసులో తప్పేమీ లేదు. తప్పు మొదట్లోనే, లెక్క వేసుకోకుండా దరఖాస్తు పెట్టినప్పుడే జరిగింది. అదే పొరపాటు ఇప్పుడు కొత్త పథకంలో చేరుతున్నవాళ్లు చేయకూడదని ఈ వ్యాసం.

ఇది ఎవరికి సంబంధించిన విషయం?

సొంత పొలంలో పంట పండించి అమ్ముకునే రైతుకు ఈ గొడవ లేదు. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. పన్ను పడే లాభమే లేనప్పుడు రాయితీ వల్ల అది పెరిగేదీ లేదు, తగ్గేదీ లేదు. మీ తోటలో గెలలు మీరే కోసి, శుభ్రం చేసి, మార్కెట్‌కు పంపడానికి పెట్టెల్లో సర్దినా అది వ్యవసాయంలో భాగమే. పంటను అమ్మకానికి తగినట్టు చేసుకోవడానికి రైతు మామూలుగా చేసుకునే పనిని చట్టం వ్యవసాయం కిందే చూస్తుంది.

పక్క రైతుల గెలలు కొని, షెడ్డులో గ్రేడింగ్ చేసి ఢిల్లీకి లారీ ఎత్తిస్తే అది వ్యాపారం. శనక్కాయ కొని, కాయ ఒలిపించి, పప్పు అమ్మినా, నూనె ఆడించినా వ్యాపారమే. మీ సొంత కాయతో నూనె ఆడిస్తే కాయ మార్కెట్ ధర వరకు వ్యవసాయ ఆదాయం, ఆ పైన మిగిలింది వ్యాపార లాభం. మండీలో కమీషన్ మీద నడిచేది పూర్తిగా వ్యాపారం.

అలాంటి వ్యాపారంలో 20 మంది లేదా అంతకు పైబడి పనిచేస్తుంటే ఉద్యోగుల భవిష్య నిధి, అంటే ఈపీఎఫ్, వర్తిస్తుంది. జీతంలో 12 శాతం పనివాడి వాటా, ఇంకో 12 శాతం యజమాని వాటా. యజమాని కట్టే 12లో 8.33 శాతం పింఛను పథకానికి, 3.67 శాతం భవిష్య నిధికి వెళుతుంది. బీమాకు అర శాతం, నిర్వహణ ఖర్చుకు అర శాతం అదనం. 10 మంది లేదా అంతకు పైబడి ఉంటే ఈఎస్‌ఐ కూడా వస్తుంది. ఇక్కడ మన ప్రాంతానికి పనికొచ్చే మాట ఒకటి ఉంది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. ఆ నిర్వచనంలో పత్తి జిన్నింగ్‌ను, వేరుశనగ కాయ ఒలిచే పనిని పేరుపెట్టి మరీ చెప్పింది. ఆదోని వైపు జిన్నింగ్ మిల్లులవాళ్లకు ఇది బాగా తెలుసు. కేవలం కాయ ఒలిచే పని మాత్రమే చేసే మిల్లు అయితే మీ ఆడిటర్‌ను ఈ సంగతి తప్పక అడగండి.

రాయితీ ఎంతో, పన్ను పడే లాభం అంత పెరుగుతుంది

అసలు సూత్రం చాలా చిన్నది. వ్యాపార లాభం అంటే రాబడిలోంచి ఖర్చు తీసేయగా మిగిలింది. మీరు కట్టే 12 శాతం ఈపీఎఫ్ వాటా మీకు ఖర్చు. దాన్ని ప్రభుత్వం కడితే అది మీ ఖర్చు కాదు. ఖర్చు తగ్గితే లాభం పెరుగుతుంది. పెరిగిన లాభం మీద పన్ను పడుతుంది.

లెక్క సులభంగా ఉండేందుకు గుండ్రటి అంకెలు తీసుకుందాం. నెలకు రూ.12,000 జీతం మీద పది మంది కొత్తవాళ్లను పెట్టుకున్నారు. మనిషికి నెలకు యజమాని వాటా రూ.1,440. ఏడాదికి రూ.17,280. పది మందికి రూ.1,72,800. ఇది మీరే కడితే, అన్ని ఖర్చులూ పోగా మిల్లు లాభం రూ.9,00,000 అనుకుందాం. ప్రభుత్వం కడితే లాభం రూ.10,72,800 అవుతుంది. మిల్లు భాగస్వామ్య సంస్థ అయితే 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. పెరిగిన రూ.1,72,800 మీద పన్ను రూ.53,914. అంటే ప్రభుత్వం చేతిలో పెట్టిన రూపాయిలో 31 పైసలు మళ్లీ పన్ను రూపంలో వెనక్కి వెళతాయి. మీకు నికరంగా మిగిలేది రూ.1,18,886.

ఇది నష్టం కాదని గమనించాలి. రాయితీ లేకుంటే ఆ లక్షా పద్దెనిమిది వేలూ ఉండేవి కావు. కాకపోతే లక్షా డెబ్బై రెండు వేలు మిగిలాయని లెక్కపెట్టుకుని ఆ డబ్బుతో కొత్త మోటారు కొన్నవాళ్లు అడ్వాన్స్ టాక్స్ వాయిదా నాటికి వెతుక్కోవాల్సి వస్తుంది.

కొందరు గుమాస్తాలు అలవాటు ప్రకారం 12 శాతాన్నీ ఖర్చు కింద రాసేస్తారు. ప్రభుత్వం కట్టిన సంగతి పుస్తకాల్లో ఎక్కడా ఉండదు. కట్టని ఖర్చును చూపించినట్టు అవుతుంది కాబట్టి ఇది ప్రమాదం. పూర్తి ఖర్చు రాస్తే రాయితీని ఆదాయం వైపు రాయాలి. లేదా మీరు నిజంగా కట్టిన దాన్నే రాయాలి. ఎలా రాసినా చివరి లాభం ఒక్కటే.

పనివాడి వాటా సంగతి వేరు. కరోనా కాలంలో వచ్చిన ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజనలో, 1,000 మంది వరకు ఉద్యోగులున్న సంస్థల్లో, రూ.15,000 లోపు జీతం ఉన్న కొత్తవాళ్లకు రెండు వాటాలూ, అంటే 24 శాతం, కేంద్రమే కట్టింది. 2020 అక్టోబరు 1 నుంచి చేరినవాళ్లకు అది వర్తించింది. 2022 మార్చి 31 వరకు నమోదుకు గడువు ఇచ్చారు. ఇందులో పనివాడి 12 శాతం అతని సొమ్ము. మీరిచ్చే జీతం రూ.12,000 అలాగే ఉంటుంది, కోత పడదు కాబట్టి అతని చేతికి పూర్తిగా వస్తుంది. మీ ఖర్చులో మార్పు లేదు కనుక మీ లాభంలోనూ మార్పు లేదు. ఆ వాటా మిగిలింది కదా అని జీతం తగ్గించి రాసిన వాళ్లను నేను చూశాను. అది పన్ను తెలివి కాదు, కూలివాడి నోటి దగ్గర ముద్ద లాక్కోవడం.

ఈఎస్‌ఐలోనూ ఇదే సూత్రం. 2019 జూలై 1 నుంచి యజమాని వాటాను 4.75 శాతం నుంచి 3.25 శాతానికి తగ్గించారు. రూ.12,000 జీతం మీద నెలకు రూ.180 మిగులు. భాగస్వామ్య సంస్థకు అందులో రూ.56 పన్ను కిందికి పోతుంది, రూ.124 మిగులుతుంది.

మన పిల్లలు ఉన్న దేశాల్లోనూ ఇదే పద్ధతి. బ్రిటన్‌లో చిన్న యజమానులకు నేషనల్ ఇన్సూరెన్స్ వాటాలో 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10,500 పౌండ్ల వరకు మినహాయింపు ఇస్తున్నారు. కట్టని వాటాను అక్కడి దుకాణదారుడు ఖర్చుగా చూపలేడు, కాబట్టి లాభం ఆ మేరకు పెరుగుతుంది. అమెరికాలో కరోనా సమయంలో ఉద్యోగులను తీసేయకుండా ఉంచుకున్న సంస్థలకు పేరోల్ పన్నులో క్రెడిట్ ఇచ్చారు. ఎంత క్రెడిట్ వచ్చిందో అంత జీతపు ఖర్చును తగ్గించి చూపాలన్నారు. రాయితీ మొత్తాన్ని మళ్లీ ఖర్చుగా కూడా చూపించుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు.

అయితే ఒక వర్గానికి మాత్రం ఇది తగలదు. సెక్షన్ 44ఏడీ కింద అంచనా లాభం చూపించే వ్యక్తులు, భాగస్వామ్య సంస్థలు ఉన్నారు. టర్నోవర్ రూ.2 కోట్ల లోపు, నగదు లావాదేవీలు 5 శాతం దాటకపోతే రూ.3 కోట్ల లోపు ఉన్నవాళ్లు టర్నోవర్‌లో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన దాని మీద 6 శాతాన్ని లాభంగా చూపితే సరిపోతుంది. అక్కడ ఖర్చుల లెక్కే అడగరు. ఈపీఎఫ్ వాటా ప్రభుత్వం కట్టినా మీరు కట్టినా పన్ను పడే లాభం అదే. ఆ రాయితీ మొత్తం మీకే మిగులుతుంది. కానీ కంపెనీలకు, కమీషన్ వ్యాపారానికి ఈ సౌకర్యం లేదు. శనక్కాయ వ్యాపారంలో మార్జిన్ తక్కువ, 8 శాతం లాభం ఒప్పుకోవడమే చాలామందికి భారం. అందుకే మన మిల్లులు ఎక్కువగా పుస్తకాలు రాసి ఆడిట్ చేయించుకుంటున్నాయి.

ఒకే పనివాడికి రెండు రాయితీలు: మిల్లు భాగస్వామి ఎక్కడ దెబ్బతిన్నారు?

ఇప్పుడు ఆ నోటీసు సంగతికి వద్దాం. 2016 ఆగస్టులో కేంద్రం ప్రధాన మంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన ప్రారంభించింది. నెలకు రూ.15,000 లోపు జీతం మీద కొత్తగా చేరినవాళ్లకు యజమాని వాటాలోని పింఛను భాగం 8.33 శాతాన్ని ప్రభుత్వం కట్టింది. 2018 ఏప్రిల్ 1 నుంచి యజమాని పూర్తి 12 శాతాన్ని కట్టడం మొదలుపెట్టింది. 2019 మార్చి 31 వరకు నమోదు చేసినవాళ్లకు మూడేళ్ల పాటు ఇచ్చారు.

అదే కాలంలో ఆదాయపు పన్ను చట్టంలో ఇంకొక రాయితీ ఉంది. అది సెక్షన్ 80జేజేఏఏ. కొత్తగా పనిలో పెట్టుకున్నవాళ్ల జీతంలో 30 శాతాన్ని, మామూలు జీతం ఖర్చుకు అదనంగా, మూడేళ్ల పాటు లాభంలోంచి తీసేసుకోవచ్చు. అంటే వంద రూపాయల జీతానికి నూట ముప్పై రూపాయల ఖర్చు చూపినట్టు. ఈపీఎఫ్ రాయితీ పన్ను పడే లాభాన్ని పెంచితే, ఇది తగ్గిస్తుంది. రెండూ కొత్త ఉద్యోగాలు పుట్టించడానికే తెచ్చినా లాభం మీద పనిచేసే తీరు ఒకదానికొకటి ఎదురు.

మిల్లువాళ్లు రెండూ తీసుకున్నారు. పది మందికి ఈపీఎఫ్ ప్రభుత్వం చేత కట్టించుకున్నారు. అదే పది మంది జీతంలో 30 శాతం మినహాయింపు కూడా రిటర్నులో అడిగారు. కానీ 80జేజేఏఏలోనే ఒక షరతు ఉంది. ఏ ఉద్యోగికి పింఛను పథకం కింద కట్టాల్సిన మొత్తం వాటాను ప్రభుత్వం కడుతుందో, ఆ ఉద్యోగి 'అదనపు ఉద్యోగి' కిందికి రాడు. ఒక్క వాక్యం. దాన్ని చదవనందువల్ల మినహాయింపు కొట్టేశారు, వడ్డీతో పన్ను కట్టమన్నారు.

ఆయనతో కూర్చుని వేసిన లెక్కను అవే గుండ్రటి అంకెల్లో చెబుతాను. పది మంది జీతం ఏడాదికి రూ.14,40,000. అందులో 30 శాతం రూ.4,32,000. దాని మీద 31.2 శాతం పన్ను ఆదా రూ.1,34,784. ఈపీఎఫ్ రాయితీ తీసుకుంటే పన్ను పోను మిగిలింది రూ.1,18,886 అని పైన చూశాం. అంటే ఈపీఎఫ్ రాయితీకి దరఖాస్తే పెట్టకుండా, తమ 12 శాతం తామే కట్టుకుని, 80జేజేఏఏ ఒక్కటే అడిగి ఉంటే ఏడాదికి సుమారు రూ.16,000 ఎక్కువ మిగిలేది. మూడేళ్లకు రూ.48,000. నోటీసు, వడ్డీ, ఆడిటర్ చుట్టూ తిరుగుడు ఉండేవి కావు. 2018 ఏప్రిల్‌కు ముందు 8.33 శాతమే ఇచ్చిన కాలంలో అయితే తేడా ఇంకా ఎక్కువ. ఆ రాయితీ పది మందికి ఏడాదికి సుమారు రూ.1,20,000. ఇదే పన్ను రేటుతో చూస్తే మిగిలేది రూ.82,560 మాత్రమే.

చేతికి కనిపించే రాయితీ పెద్దదిగా, రిటర్నులో అంకెగా కనిపించే మినహాయింపు చిన్నదిగా అనిపించడం సహజం. బస్తా మీద రాయితీ కనబడుతుంది, భూసార పరీక్ష వల్ల వేయకుండా మిగిల్చిన బస్తా కనబడదు. అలాంటిదే ఇది.

కరువు ఏడాది లెక్క తిరగబడుతుంది

ఇంతమాత్రాన ఎప్పుడూ 80జేజేఏఏ మంచిదని అనుకోవద్దు. అది లాభం ఉంటేనే పనికొస్తుంది. మనది రాయలసీమ. వాన ముఖం చాటేసిన ఏడాది కాయ రాదు, మిల్లు సగం రోజులు మూతపడుతుంది, లాభం అనే మాటే ఉండదు. లాభం లేనప్పుడు ఆ 30 శాతం మినహాయింపు వృథా అవుతుంది. వ్యాపార నష్టాన్ని వచ్చే ఏడాదులకు జరుపుకున్నట్టు దీన్ని జరుపుకోవడానికి వీల్లేదు. అదే ఏడాది ఈపీఎఫ్ రాయితీ అయితే పూర్తి రూ.1,72,800 మిగిలేది, పన్ను పడదు కాబట్టి పైసా వెనక్కి పోదు. వరుసగా రెండు చెడ్డ ఏళ్లు చూసిన మిల్లుకు నేనైతే నగదు రాయితీనే తీసుకోమని చెబుతాను.

80జేజేఏఏకు ఇంకొన్ని షరతులు ఉన్నాయి. సెక్షన్ 44ఏబీ కింద ఆడిట్ వర్తించే వ్యాపారాలకే ఇది ఇస్తారు. అంచనా లాభం చూపేవాళ్లకు రాదు. జీతం నెలకు రూ.25,000 దాటకూడదు. ఆ ఉద్యోగి ఈపీఎఫ్‌లో ఉండాలి. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. కిందటి మార్చి 31 నాటికి ఉన్న సంఖ్య కంటే మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరగాలి. పది మంది పోయి పది మంది వస్తే పెరిగినట్టు కాదు. ఏడాదిలో కనీసం 240 రోజులు పనిలో ఉండాలి.

మన ప్రాంతంలో ఎక్కువమంది తప్పేది ఈ 240 రోజుల దగ్గరే. ఖరీఫ్ కాయ వచ్చాక మొదలుపెట్టి వేసవికి ఆగిపోయే మిల్లులో ఏ పనివాడికీ 240 రోజులు నిండవు. నూనె ఆడించే మిల్లులో, ఏడాది పొడవునా గెలలు వచ్చే అరటి షెడ్డులో నిండుతాయి. సెప్టెంబరులో చేరిన మనిషికి ఆ మార్చిలోగా 240 రోజులు నిండకపోయినా, వచ్చే ఏడాది నిండితే అప్పుడు చేరినట్టు లెక్కగట్టి మూడేళ్లు ఇస్తారు. ఇది 2018లో వచ్చిన వెసులుబాటు, చాలామంది వాడుకోవడం లేదు.

ఇప్పుడు నడుస్తున్న పథకంలో ఏం మారింది?

2025 జూలై 1న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధాన మంత్రి వికసిత భారత్ రోజ్‌గార్ యోజన 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య పుట్టే ఉద్యోగాలకు వర్తిస్తుంది. 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 లేదా అంతకు పైబడి ఉన్న సంస్థ కనీసం ఐదుగురిని అదనంగా పెట్టుకోవాలి. ఆరు నెలలైనా పనిలో ఉంచాలి. ఈపీఎఫ్ జీతం రూ.10,000 వరకు ఉంటే నెలకు గరిష్ఠంగా రూ.1,000, రూ.20,000 వరకు రూ.2,000, ఆ పైన లక్ష వరకు రూ.3,000 చొప్పున యజమానికి ఇస్తారు. రెండేళ్ల పాటు వస్తుంది. తయారీ రంగానికి మూడు, నాలుగో ఏడాదులకూ పొడిగించారు. మొదటిసారి ఉద్యోగంలో చేరిన పనివాడికి వేరే ప్రోత్సాహకం ఉంది, అది అతని ఖాతాకే వెళుతుంది.

పాత పథకాలతో ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇందులో ప్రభుత్వం మీ తరఫున ఈపీఎఫ్ కట్టదు. మీ 12 శాతం మీరే కడతారు, అది మీ ఖర్చుగానే ఉంటుంది. ప్రోత్సాహకం మీ పాన్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ, నగదు ప్రోత్సాహకం వ్యాపారానికి ఆదాయమేనని చట్టం చెబుతోంది. కాబట్టి పది మందికి నెలకు రూ.2,000 చొప్పున వచ్చే రూ.2,40,000 ఏడాది లాభానికి కలుస్తుంది. భాగస్వామ్య సంస్థకు దాని మీద రూ.74,880 పన్ను, మిగిలేది రూ.1,65,120. ఖర్చు తగ్గడం ఒక దారి, ఆదాయం పెరగడం ఇంకో దారి, చేరేది లాభం దగ్గరికే.

మిల్లు భాగస్వామిని దెబ్బతీసిన ఆ వాక్యం పింఛను వాటాను ప్రభుత్వం 'కడితే' అంటుంది. ఇక్కడ కట్టేది యజమాని. అందువల్ల ఆ షరతు మాటల ప్రకారం చూస్తే ఈ పథకానికి అడ్డుపడదు. 240 రోజులు, ఆడిట్, బ్యాంకు జీతం వంటి మిగతా షరతులు నెరవేర్చిన నూనె మిల్లు ప్రోత్సాహకంతో పాటు 30 శాతం మినహాయింపు కూడా అడగవచ్చు. పై అంకెలతో రెండూ కలిపి ఏడాదికి దాదాపు రూ.3,00,000. అడిగే ముందు మీ ఆడిటర్ చేత ఈ విషయం కాగితం మీద రాయించుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి. నేను ఇక్కడ వాడినవి 1961 చట్టంలోని నంబర్లు.

ఎఫ్‌పీఓ డైరెక్టర్లకు ఒక మాట

ప్రొడ్యూసర్ కంపెనీగా నమోదైన ఎఫ్‌పీఓలకు సెక్షన్ 80పీఏ కింద, టర్నోవర్ రూ.100 కోట్ల లోపు ఉంటే, సభ్యుల పంట అమ్మకం, ప్రాసెసింగ్, సభ్యులకు విత్తనం, పనిముట్ల సరఫరా మీద వచ్చిన లాభానికి 100 శాతం మినహాయింపు ఉండేది. మ్యాట్ అనే కనీస పన్ను మాత్రం పుస్తక లాభం మీద పడేది. ఈ 80పీఏ 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం వరకే. అంటే 2024 మార్చి 31తో ముగిసిన ఏడాది ఆఖరుది. ఆత్మనిర్భర్ పథకంలో ఆఖరున నమోదైనవాళ్ల రెండేళ్లూ సరిగ్గా అప్పటితోనే ముగిశాయి. ఆ రోజుల్లో ఈపీఎఫ్ రాయితీ వల్ల ఎఫ్‌పీఓకు మామూలు పన్ను పెరగలేదు. ఇప్పుడు కొత్త పథకం డబ్బు మీద పెరుగుతుంది. తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి 25.168 శాతం. పాత అనుభవంతో బడ్జెట్ వేసుకున్న సంఘాలు దీన్ని సరిచూసుకోవాలి. తక్కువ రేటు ఎంచుకున్నా 80జేజేఏఏ మినహాయింపు పోదు.

15వ తేదీ దాటితే

ఇది రాయితీ కాదు కానీ, రాయితీ కంటే ఎక్కువ డబ్బు ఇక్కడే పోతోంది. పనివాడి జీతంలోంచి కోసిన 12 శాతాన్ని మరుసటి నెల 15లోగా జమచేయాలి. 1961 చట్టం కింద ఒక్క రోజు ఆలస్యమైనా ఆ మొత్తం మీ ఆదాయంగా మారిపోయేది, తర్వాత కట్టినా ఖర్చుగా ఒప్పుకునేవారు కాదు. 2022 అక్టోబరు 12న చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. ముప్పై మంది పనివాళ్ల ఒక నెల కోత రూ.43,200 అనుకుంటే ఆలస్యానికి పడే పన్ను రూ.13,478. యజమాని వాటాకు మాత్రం కొంత సడలింపు ఉంది. రిటర్ను గడువులోగా కడితే ఖర్చు కింద ఒప్పుకుంటారు. పంట సొమ్ము చేతికి రాక ఇబ్బందిగా ఉన్న నెలలో రెండూ కట్టలేకపోతే ముందు పనివాడి వాటా కట్టండి. యజమాని వాటా ఆలస్యమైతే ఈపీఎఫ్ శాఖ వడ్డీ, జరిమానా వేస్తుంది కానీ పన్ను లెక్కలో అది చెడిపోదు.

జీతం నగదుగా ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. ఒకే మనిషికి ఒకే రోజు రూ.10,000 దాటి నగదు ఇస్తే ఆ మొత్తం ఖర్చుగా చెల్లదు. రూ.12,000 జీతాన్ని చేతికిస్తే ఖర్చూ పోయింది, 30 శాతం మినహాయింపూ పోయింది.

80జేజేఏఏ అడగాలంటే చార్టర్డ్ అకౌంటెంట్ ఫారం 10డీఏలో నివేదిక ఇవ్వాలి. రిటర్ను గడువుకు నెల ముందే అది దాఖలు కావాలి. ఆడిట్ ఉన్న మిల్లుకు రిటర్ను గడువు అక్టోబరు 31 అయితే నివేదిక సెప్టెంబరు 30 నాటికి ఉండాలి. రిటర్ను కూడా గడువులోనే వేయాలి, ఆలస్యమైతే మినహాయింపు రాదు. ఆడిటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మార్చి 31 నాటి ఉద్యోగుల జాబితా, ప్రతి ఒక్కరూ చేరిన తేదీ, హాజరు పుస్తకం, నెలవారీ ఈపీఎఫ్ చలాన్లు, జీతాలు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రోత్సాహకం జమైన తేదీలు తీసుకెళ్లండి. హాజరు పుస్తకం లేనివాళ్లు ఈ నెల నుంచైనా మొదలుపెట్టండి. 240 రోజులు నిండాయని నిరూపించేది అదే.